వైజాగ్ నుంచి జోలాపుట్టు డ్యామ్: అరకు ట్రిప్‌లో ఇరికించకుండా చూసి రావడం ఎలా

అరకు వెళ్లేవాళ్లలో చాలామంది బయల్దేరే ముందు ఒక మాట అంటుంటారు, "పైన ఏదో పెద్ద డ్యామ్ ఉందట, టైమ్ మిగిలితే అటు కూడా వెళ్లొద్దాం" అని. టైమ్ మిగలదు. బొర్రా గుహలు, గాలికొండ, కాఫీ, బొంగులో చికెన్, మ్యూజియం అయ్యేసరికి సాయంత్రం నాలుగవుతుంది, ఆ టైమ్‌లో జోలాపుట్టు వైపు బండి తిప్పితే చీకట్లో డ్యామ్ గేటు చూసి వెనక్కి రావడమే. అందుకే ముందే చెప్పేస్తున్నా, జోలాపుట్టు చూడాలంటే దాని కోసమే వెళ్లండి, రెండు రోజులు పెట్టుకోండి, ఒక రాత్రి కొండ మీదే ఉండండి. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అంటే బండి వరకు వెళ్లి వస్తుంది, మనిషికే ఏమీ మిగలదు.

ఇంకో మాట. నేరుగా డ్యామ్ దగ్గరికి వెళ్లి, ఫొటో దిగి, వచ్చేస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఒక్క గోడ కాదు. నీళ్లు ఎక్కడ పుట్టి, ఎక్కడ ఆగి, ఎక్కడ దూకుతున్నాయో అదే వరసలో మీరూ వెళ్తే ప్రతి చోటూ దాని ముందు చూసినదాంతో కలిసి అర్థమవుతుంది. ముందు మత్స్యగుండం, తర్వాత మత్స్యగెడ్డ పాయలు, తర్వాత జోలాపుట్టు, చివర డుడుమ జలపాతం. ఈ వరస తిప్పకండి.

ముందు ఆ నీళ్ల సంగతి కాస్త తెలుసుకుని వెళ్లండి. మాడుగుల కొండల మీద పడే వాన రెండు దారుల్లో పోతుంది. తూర్పు వాలున పడినది శారద లాంటి నదులై అనకాపల్లి మీదుగా మన తీరానికే దిగిపోతుంది. పడమటి వైపు పడినది మాత్రం సముద్రానికి వీపు తిప్పి లోపలికి వెళ్తుంది. ఏజెన్సీలో దాన్ని మత్స్యగెడ్డ అంటారు, ఒడిశా వైపు, ప్రాజెక్టు కాగితాల్లో మాచ్‌ఖండ్ నది. అదే జోలాపుట్టులో నిండి, డుడుమ దగ్గర కిందికి దూకి, సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, గోదావరి అయ్యి సముద్రం చేరుతుంది. ఆ దారిలో మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ సీలేరు, పొల్లూరు, ఇన్ని చోట్ల టర్బైన్లు తిప్పుతుంది. ఇదంతా తెలిసి వెళ్తే ఆ చెరువు లాంటి నీళ్లు వేరేగా కనిపిస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి అంటే, నా ఓటు అక్టోబరు, నవంబరులకే. వానలు తగ్గి ఉంటాయి, జలాశయం నిండుగా ఉంటుంది, దారి పొడవునా వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. డిసెంబరు, జనవరి చలి బాగుంటుంది గానీ ఉదయం తొమ్మిది దాటినా మంచు విడవదు, జలాశయం ఒడ్డున నిల్చుంటే నీళ్లు ఎక్కడున్నాయో తెలియదు, పైగా ఆ నెలల్లో వంజంగి మేఘాల కోసం వచ్చే జనంతో పాడేరులో రూము దొరకడం కష్టం. ఆగస్టు, సెప్టెంబరులలో జలపాతాలు మంచి ఊపు మీద ఉంటాయి, అయితే ఘాట్‌లో కొండచరియలు, గెడ్డలు పొంగి కల్వర్టుల మీద నీళ్లు పారడం, దోమలు, ఇవన్నీ ఉంటాయి. వానల్లో వెళ్లేవాళ్లు నిండు చేతుల చొక్కా, ఓడోమాస్ మర్చిపోవద్దు, ఏజెన్సీ మలేరియాతో ఆటలొద్దు. ఎండాకాలం మాట అంటే ఎవరూ చెప్పరు గానీ అది కూడా బాగుంటుంది. కరెంటు కోసం నీళ్లు వాడుతూ పోతారు కాబట్టి మే నెలకి మట్టం దిగి, లోపలి దిబ్బలన్నీ పైకి తేలతాయి. వైజాగ్‌లో చెమట కారుతున్నప్పుడు అక్కడ రాత్రి దుప్పటి కావాలి. మధ్యాహ్నం దాటాక పిడుగుల వాన పడుతుంది, అంతే జాగ్రత్త.

దారి. అరకు మీదుగా వెళ్లే శృంగవరపుకోట ఘాట్ అందరికీ తెలుసు. నేను మాత్రం వెళ్లేటప్పుడు పాడేరు దారే పట్టమంటాను. అనకాపల్లి, చోడవరం, వడ్డాది, మాడుగుల, గరికబంద, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి మినుములూరు మీదుగా పాడేరు. వైజాగ్ నుంచి నూట పది, నూట ఇరవై కిలోమీటర్ల మధ్య, కారులో మూడున్నర గంటలు వేసుకోండి. వీకెండ్‌లో అరకు ఘాట్‌లో బస్సుల వెనక బస్సులు నడిచే టైమ్‌కి ఈ దారిలో రద్దీ తక్కువ. బస్సులో వెళ్లేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు ఎక్కేయండి, తరచుగానే ఉంటాయి. పాడేరు నుంచి ముంచంగిపుట్టుకి బస్సు, లేకపోతే సర్వీస్ జీపు. ముంచంగిపుట్టులో దిగిన వెంటనే చేయాల్సిన మొదటి పని, తిరుగు ప్రయాణానికి చివరి బండి ఎన్నింటికో కిళ్లీ కొట్టు దగ్గర అడగడం. ఆన్‌లైన్‌లో ఉన్న టైమింగులు చూసుకుని ధీమాగా ఉండొద్దు, సంత రోజు ఒకలా, మామూలు రోజు ఇంకోలా నడుస్తాయి బండ్లు.

పాడేరు దాటే ముందు మూడు పనులు అయిపోవాలి. ట్యాంకు ఫుల్ చేయించడం, ఏటీఎంలో నగదు తీయడం, ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం. పెదబయలు దాటాక సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది, అవతల టీ కొట్టు అమ్మ మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. పది, ఇరవై నోట్లు జేబులో ఉంటే ఆ ఇబ్బందే లేదు. ఆధార్ కార్డు కూడా చేతికి అందేలా పెట్టుకోండి. ఈ ఏరియాలో గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి, చెక్‌పోస్టులో డిక్కీ తీయమంటారు, బ్యాగులు తెరవమంటారు, ఒక్కోసారి సీట్ల కింద కూడా చూస్తారు. మొహం మాడ్చుకోకుండా చూపించేస్తే రెండు నిమిషాల పని. తిరుగు దారిలో మాత్రం ఎవరైనా బ్యాగు చేతిలో పెట్టి "వైజాగ్‌లో మావాడు తీసుకుంటాడు" అంటే ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. ముసలమ్మకి లిఫ్ట్ ఇవ్వండి, తెలియని పార్శిల్‌కి మాత్రం ఇవ్వొద్దు.

మొదటి రోజు పాడేరు చేరాక హుకుంపేట వైపు పక్కకి తిరిగి మత్స్యగుండం చూడండి. మఠం గ్రామం దగ్గర, మత్స్యలింగేశ్వరుడి గుడి. పెద్ద పెద్ద రాళ్ల మధ్య గెడ్డ పారుతూ ఒక చోట గుండం కడుతుంది. మరమరాలు కొని ఒక గుప్పెడు నీళ్ల మీద చల్లి చూడండి, ముందు ఒకటో రెండో నల్లటి వీపులు కదులుతాయి, అర నిమిషంలో నీళ్లు కనపడకుండా చేపలే, ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్లు తెరుచుకుని రాళ్ల అంచు దాకా వచ్చేస్తాయి. వీటిని ఎవరూ పట్టరు, తినరు, దేవుడి చేపలు. బిస్కెట్లు, కుర్‌కురేలు వేసేవాళ్లు ఉంటారు, మీరు వేయకండి. వానల్లో రాళ్లు పాచి పట్టి జారతాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు. గంట చాలు ఇక్కడ.

రాత్రికి పాడేరులో ఉండండి. రూములు అరకంత ఫ్యాన్సీగా ఉండవు, శుభ్రంగా ఉంటే చాలనుకునేవాళ్లకి సరిపోతాయి. వేడినీళ్లు ఉన్నాయా అని బుక్ చేసేటప్పుడే అడగండి, "ఉన్నాయండి" అంటే ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని కూడా అడగండి.

రెండో రోజు ఆరింటికల్లా బయల్దేరితే మంచిది. పాడేరు నుంచి పెదబయలు, అక్కడి నుంచి ముంచంగిపుట్టు. టిఫిన్ ముంచంగిపుట్టులో చేయండి, చిన్న హోటళ్లే గానీ వేడివేడిగా దోసె, పూరీ దొరుకుతాయి, అక్కడ తినకపోతే తర్వాత ఏం దొరుకుతుందో చెప్పలేం. మధ్యాహ్నం కోసం కూడా పులిహోరో, అరటిపళ్లో కట్టించుకోండి.

ఈ దారిలో మీకు అసలైన జలాశయం డ్యామ్ కంటే ముందే కనిపిస్తుంది. చాలామంది పట్టించుకోకుండా వెళ్లిపోయేది ఇక్కడే. వెనక జలాలు కొండల సందుల్లోకి వేళ్లు చాచినట్టు చొచ్చుకొచ్చి ఉంటాయి, రోడ్డు ఒక మలుపు తిరగ్గానే పక్కనే నీళ్లు, ఇంకో మలుపులో ఏమీ ఉండదు, మళ్లీ ఇంకో పాయ. బండి పక్కకి తీసి, ఒక చోట ఒడ్డు దాకా నడిచి దిగండి. నిండుగా ఉన్నప్పుడు కాదు, నీళ్లు కొంచెం తగ్గినప్పుడు చూడాలి ఆ ఒడ్డుని. పైన గడ్డి, దాని కింద మెట్లు మెట్లుగా ఎర్రమట్టి గీతలు, మట్టం ఏ వారం ఎక్కడ దాకా దిగిందో ఒక్కో గీత చెబుతుంది. బురద ఎండి పలకలు పలకలుగా పగిలి, వాటి మీద మేకల గిట్టల గుర్తులు. నీళ్లు వెనక్కి తగ్గిన నేలలో దున్ని, ఏదో ఒక పంట వేసేస్తారు ఊళ్లవాళ్లు, ఆ తడి వృథా పోనివ్వరు.

అక్కడే నాటు పడవలు కనిపిస్తాయి. సన్నగా, నీళ్లకి జానెడు ఎత్తులో అంచు, వెనక నిల్చుని ఒకతను వెదురు గడతో తోస్తుంటే, ముందు ఇద్దరు ఆడవాళ్లు బియ్యం మూటల మీద చేతులు వేసి కదలకుండా కూర్చుంటారు. ఒక్కోసారి మోటార్ సైకిల్ కూడా పడవ మీద నిలబెట్టి దాటిస్తారు. చూస్తే మనకీ ఎక్కాలనిపిస్తుంది. ఎక్కొద్దు. వాళ్లకి అది అవసరం, సంతకో, రేషన్‌కో, ఆసుపత్రికో వేరే దారి చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి ఎక్కుతున్నారు, మత్స్యగెడ్డలో పడవలు బోల్తా పడి ప్రాణాలు పోయిన సంగతులు ప్రతి ఊళ్లోనూ చెబుతారు. లైఫ్ జాకెట్ ఉండదు, గాలి ఒక్కసారిగా లేస్తుంది, మధ్యలో సెల్ఫీ కోసం ఒకరు లేచి నిలబడితే చాలు. వంద రూపాయలకి తిప్పుతామని ఎవరైనా అన్నా సరే, వాళ్ల బీదతనాన్ని మన సరదాకి వాడుకోవడం నాకు నచ్చదు. ఈత కూడా వద్దు. ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే నడుం లోతు అనుకుంటాం, కింద మునిగిపోయిన పాత గట్లు, మొద్దులు, జారే ఒండ్రు, ఐదో అడుగు దగ్గర నేలే ఉండదు.

ముంచంగిపుట్టు నుంచి జోలాపుట్టు దగ్గరే, అరగంట పైచిలుకు. డ్యామ్ రెండు రాష్ట్రాల మధ్య ఉంటుంది, ఒక గట్టు మనది, అల్లూరి సీతారామరాజు జిల్లా, ఇంకో గట్టు ఒడిశా కొరాపుట్ జిల్లా. 2022 ఏప్రిల్‌కి ముందు ఇదంతా విశాఖ జిల్లాయే, అందుకే వైజాగ్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ "మన జిల్లా డ్యామే కదా" అంటారు. కట్టడం మొదలయ్యేనాటికి ఆంధ్ర రాష్ట్రం అనేదే లేదు, మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టిన పని, మద్రాసుకి డెబ్భై, ఒరిస్సాకి ముప్ఫై శాతం వాటా. కింద మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు.

డ్యామ్ దగ్గర ఎవరినైనా మట్టం ఎంత ఉంది అని అడిగితే "రెండు వేల ఏడు వందల నలభై" అని చెబుతారు, మనవాళ్లు అది లోతు అనుకుని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. అది సముద్రమట్టం నుంచి లెక్క. పూర్తి మట్టం 2750 అడుగులు, అంటే ఆర్కే బీచ్‌లో అలలకి సుమారు 838 మీటర్ల పైన ఈ నీళ్లు నిలిచి ఉన్నాయన్నమాట. నిండితే 34 టీఎంసీలు పైనే. తాటిపూడి రిజర్వాయర్ మొత్తం కలిపితే మూడు టీఎంసీల చిల్లర, దానికి పది రెట్లు అనుకోండి. ఈ పెద్ద జలాశయం పని నిల్వ ఉంచడం. ఇక్కడి నుంచి వదిలిన నీళ్లు నదిలోనే కిందికి వెళ్లి డుడుమ దగ్గర ఉన్న చిన్న డ్యామ్‌లో ఆగుతాయి, దాని పూర్తి మట్టం 2590 అడుగులు, అక్కడి నుంచి పవర్ హౌస్‌కి మళ్లిస్తారు. మీరు వెళ్లిన రోజు జోలాపుట్టు గేట్లు మూసి ఉన్నాయంటే నిరాశపడకండి, గేట్లు ఎత్తేది వానాకాలంలో పట్టలేనంత వరద వచ్చినప్పుడే. అలా ఎత్తిన రోజుల్లో దిగువ నది గట్టున అసలు నిలబడకూడదు.

డ్యామ్ మీదికి వెళ్లనిస్తారా అంటే, అది ఆ రోజు గేటు దగ్గర ఉన్న సెక్యూరిటీ మాట. కారు దూరంగా ఆపి, దిగి, నమస్కారం పెట్టి అడగండి. "వైజాగ్ నుంచి వచ్చామండి, చూసి వెళ్తాం" అంటే చాలాసార్లు పని జరుగుతుంది, హారన్ కొట్టి అద్దం దించి అడిగితే జరగదు. గేట్లు, యంత్రాల ఫొటోలు తీయొద్దంటే తీయొద్దు, నీళ్ల వైపు తిరిగి తీసుకోండి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి, రెండు రాష్ట్రాల సరిహద్దు, ప్రాజెక్టు, పైగా పోలీసుల కళ్లు ఎప్పుడూ ఉండే ప్రాంతం, ఆ టెన్షన్ మీకెందుకు. లోనికి వదలకపోయినా కంగారు లేదు, కట్టకి పైన కొండ వాలు రోడ్డు మీద నుంచే నీళ్లు బాగా కనిపిస్తాయి, నన్నడిగితే కట్ట మీద కంటే అక్కడే బాగుంటుంది.

పదిన్నర, పదకొండుకి జోలాపుట్టు వదిలితే డుడుమకి తీరిగ్గా చేరతారు. ఒడిశా వైపు ఒనకఢిల్లీ ఊరు, ప్రాజెక్టు కాలనీ అక్కడే, తెలుగు హాయిగా నడుస్తుంది. జలపాతం ఎత్తు 175 మీటర్లు, వ్యూ పాయింట్ నుంచి చూస్తే లోయ అడుగు నుంచి నీటి పొగ పైకి లేస్తుంటుంది. ఒక విషయం మాత్రం ముందే తెలుసుకోండి. నది నీళ్లు మళ్లింపు డ్యామ్ దగ్గరే పవర్ హౌస్‌కి వెళ్లిపోతాయి కాబట్టి ఎండాకాలం వెళ్తే సన్నటి ధార తప్ప ఏమీ ఉండదు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన డుడుమ కావాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు లోపే రావాలి. పవర్ హౌస్ లోయలో ఉంది, కిందికి వించ్ (తాడుతో దించే బండి) మీద దిగుతారు, ఆరు యూనిట్లు కలిపి 120 మెగావాట్లు. సిబ్బందికి, అనుమతి కాగితం ఉన్నవాళ్లకే ప్రవేశం. ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ముందుగా లెటర్ పెట్టుకుని వస్తుంటారు, మామూలు టూరిస్టులు అక్కడ వాదన పెట్టుకుని లాభం లేదు.

ఒనకఢిల్లీలో గురువారం సంత. బొండా తెగవాళ్లు కొండల నుంచి దిగి వస్తారు, దాని కోసమే కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్లున్నారు. గురువారం వెళ్తే సంతకి సంతలాగే వెళ్లండి, పసుపో, చింతపండో, వెదురు బుట్టో కొనండి, మనుషుల మొహం మీద ఫోన్ పెట్టకండి. ఫొటోలు తీసుకోవద్దని ఒడిశా ప్రభుత్వం తరఫున ఆంక్షలు ఉన్నాయి, అవి లేకపోయినా మన ఇంటి ఆడవాళ్ల ఫొటో రైతు బజార్లో ఎవడో తీస్తే మనం ఊరుకుంటామా?

ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఇదంతా పెట్టుకోకండి. వాళ్లని తాటిపూడికి తీసుకెళ్లండి, గోస్తని మీద 1960లలో కట్టిన మట్టికట్ట, వైజాగ్‌కి తాగునీళ్లు ఇచ్చేవాటిలో అదొకటి, శృంగవరపుకోట వైపు రెండు గంటల లోపు ప్రయాణం, ఘాట్ ఎక్కే పనే లేదు. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు.

తిరుగు ప్రయాణానికి రెండు దారులు. ఒనకఢిల్లీ నుంచి ఒడిశాలోని పాడువా మీదుగా అరకు వచ్చి, శృంగవరపుకోట ఘాట్ దిగి వైజాగ్ చేరొచ్చు. లేదా వచ్చిన దారినే ముంచంగిపుట్టు, పాడేరు. మొదటిదాంట్లో కొత్త ఊళ్లు కనిపిస్తాయి, రెండోదాంట్లో రోడ్డు తెలుసు కాబట్టి డ్రైవర్‌కి సుఖం, దిగాక మాడుగులలో హల్వా కూడా దొరుకుతుంది, గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసేది, రెండు డబ్బాలు తీసుకోండి, ఒకటి కారులోనే అయిపోతుంది. ఏ దారైనా రెండు గంటలకల్లా డుడుమ వదలండి, ఘాట్ దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉండాలి. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే దిగండి, బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చుంటే మధ్యలో కాలిన వాసన వస్తుంది, అలా వస్తే వెడల్పున్న చోట బండి పక్కకి తీసి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు.